కుండలో వేసిన గోళీలు

మొన్న మా కోడలు, పిల్లవాడికి దగ్గు తగ్గిందని, సీసాలో మిగిలిన మందును వంటింటి సింకులో వంచబోతుంటే గబుక్కున పోయి చెయ్యి పట్టుకున్నాను.

“డేటు అయిపోయింది అత్తమ్మా, ఇంకేం జేస్కుంటం?” అంది బిత్తరపోయి.

మూత బిగించి, మందుల షాపులో ఇచ్చి రమ్మన్నాను. “ఆయన మాత్రం ఏం జేస్తడు? ఎనక మోరిల పారబోస్తడు” అంది. పిల్ల అన్నదాంట్లో అబద్ధం లేదు. నా దగ్గర జవాబూ లేదు. ఆ జవాబు కోసం కనిపించిన ప్రతి ఆఫీసరునూ అడిగి, అడిగినందుకు పిచ్చిదనిపించుకున్న మనిషి ఒకామె నాకు తెలుసు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమెను తలుచుకోవడానికి నాకు సీసాలూ సింకులూ అక్కర్లేదు గానీ, ఇన్నాళ్లూ రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఆమె పేరు రాయను. ఒకసారి నలుగురిలో ఆమె పేరు నా నోటితో చెడగొట్టాను. మళ్లీ కాగితం మీద పెట్టే హక్కు నాకు లేదనుకుంటాను. ఊళ్లో అందరూ నర్సమ్మ అనేవాళ్లు. నేనూ అదే అంటాను.

మా అత్తగారి ఊరు సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ పోయే దారిలో బస్సు దిగి మైలున్నర నడిస్తే వస్తుంది. ఎనభైల మొదట్లో, పదో తరగతి పాసైన నేను ఆ ఊరికి కోడలిగా వచ్చేసరికి నర్సమ్మ అక్కడ మూడేళ్లుగా పనిచేస్తోంది. సొంతూరు కోదాడ. “ఏంటి”, “అలాగా” అని కోస్తా వాసన తగిలే మాట. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. పెన్ను కొప్పులో గుచ్చుకుని, దాని కోసం సంచంతా కుమ్మరించేది. వానాకాలం చెప్పులు చేతిలో పట్టుకుని బురదలో నడిచొచ్చి, గడప బయట కాళ్లు కడుక్కుని గానీ లోపలికి వచ్చేది కాదు.

ఎవరింటికి పోయినా మొదట మంచినీళ్లు అడిగేది. ఇస్తే వెంటనే తాగేది కాదు. అరచేతిలో కొన్ని పోసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, అప్పుడు తాగేది. ఒక్కోసారి తాగకుండా పారబోసి, కుండ ఎన్నాళ్లకు కడుగుతారని అడిగేది. ఆమె కిరస్తానపు మనిషి, పుట్టింది మాలవాడలో. మా ఊరి పెద్దిళ్లలో ఆమెకు విడిగా గ్లాసు ఉండేది. విడిగా గ్లాసు పెట్టిన వాళ్లకే, ఆ గ్లాసులో నీళ్లను ఆమె వాసన చూస్తే ఒళ్లు మండేది. “మన నీళ్లకు వంక బెట్టెటంత దొరసానా?” అని మా అత్తమ్మ ఆమె వీధి మలుపు తిరిగాక అనేది. ఎదురుగా మాత్రం అనేది కాదు. మా ఆడబిడ్డకు అడ్డం తిరిగిన కాన్పును బయటపడేసింది నర్సమ్మే.

ఆమెకు కొన్ని మాటలు ఊతపదాల్లా ఉండేవి. జ్వరం తగ్గగానే మందు మానేసి, మిగిలిన గోళీలు చూరులో దోపేవాళ్లను చూస్తే, “జ్వరం పోతుంది అమ్మాయ్, గోళీ ఎక్కడికి పోతుంది?” అనేది. ఏదో ఒకరోజు దాన్ని ఒక పిల్లవాడు మింగుతాడు, లేదంటే పెంటలో పడి, వానకు కరిగి, ఊటబావిలోకి దిగుతుంది అని లెక్క చెప్పేది. అందరం నవ్వేవాళ్లం. అంత పెద్ద బావిలో ఒక్క గోళీ ఏం చేస్తుందని మా ధీమా.

మా అత్తమ్మ కథ ఇక్కడ చెప్పాలి. నా పెళ్లికి ముందు ఏడు ఆమె మిర్యాలగూడలో ఉన్న కూతురి దగ్గరికి పోయి, జ్వరమొస్తే అక్కడ ఏవో గోళీలు వేసుకుందట. రెండో రోజుకే నోరంతా పుండై, ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కి, చావు దాకా పోయి వచ్చింది. అక్కడి డాక్టరు రాసిన కాగితం నర్సమ్మ చదివి, చిన్న అట్టముక్క మీద పెద్దక్షరాలతో “ఈమెకు సల్ఫా మందు పడదు. ఇవ్వకూడదు” అని రాసి ఇచ్చింది. అత్తమ్మ దాన్ని వక్కల సంచిలో పెట్టుకుంది. తలనొప్పికి సూదేయించుకోవడానికి పోయినా ముందు ఆ అట్టముక్క తీసి చూపించేది. చదువు రాదు గానీ, ఆ ముక్క పైకి ఏదో కిందికి ఏదో ఆమెకు తెలుసు.

ఆమె నోటికి అంత కాపలా పెట్టుకున్నాం. కుండకు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఎనభైల నడుమ ఒక వానాకాలం మా ఊళ్లో కక్కుడు, బేదులు మొదలయ్యాయి. నర్సమ్మ పగలంతా ఇల్లిల్లూ తిరిగింది. బావిలో తెల్లపొడి చల్లించింది. ఇంటింటికీ నీళ్ల గోళీలు పంచింది. బిందెకు ఒక గోళీ వేసి, అరగంట ఆగి తాగాలి. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి నాకు ఇచ్చి, చెప్పవలసింది నాకు చెప్పింది.

“అమ్మాయ్, ఈ గోళీ తప్ప ఇంకే గోళీ కుండలో వేయొద్దు. ఇవి నోట్లో వేసుకోవద్దు. నోట్లో వేసుకునేవి ఇందులో వేయొద్దు. అయిపోతే నాకు కబురు పెట్టు. నేను వచ్చేదాకా నీళ్లు మరగబెట్టండి. ఏం చెప్పానో చెప్పు.”

నేను అప్పజెప్పాను. ఆమె రెండోసారి కూడా చెప్పించుకుంది. అప్పటికి నాకు అయిదో నెల. నిలబడి పాఠం అప్పజెప్పడం నామోషీగా అనిపించి కొంచెం విసుక్కున్నాను కూడా. అంత స్పష్టంగా చెప్పిందని ఎందుకు రాస్తున్నానో మీకు ముందు ముందు తెలుస్తుంది.

పది రోజులకు గోళీలు అయిపోయాయి. ముసురు పట్టి కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. అన్నం వండడానికే పొయ్యి ఊదీ ఊదీ కళ్లు మండుతుంటే, బిందెడు నీళ్లు మరిగించేదెవరు? నర్సమ్మకు కబురు పెట్టాలంటే ఇంకొకరిని బతిమాలాలి. గూట్లో చూస్తే కాగితం పొట్లంలో తెల్లగోళీలు ఉన్నాయి. నా పెనిమిటికి బేదులైనప్పుడు ఊరి ఆరెంపీ డాక్టరు ఇచ్చినవి, రెండు రోజులకే తగ్గిపోతే మిగిలినవి. పొట్లం మీద పేరు లేదు. నేను చేసిన ఆలోచన ఇది: ఇవీ బేదుల గోళీలే, అవీ బేదుల కోసం వేసేవే. ఒక్కడు మింగితే ఒక్కడికే తగ్గింది, నీళ్లల్లో వేస్తే ఇంటిల్లిపాదికీ రాకుండా ఉంటుంది. బావిలో మందు చల్లితే ఊరికంతా మంచిదైనప్పుడు, కుండలో మందు వేస్తే ఇంటికి ఎందుకు కాదు? పదో తరగతి తెలివి. రోజూ పొద్దున రెండు గోళీలు నలిపి తాగే నీళ్ల కుండలో వేశాను.

నీళ్లు కొంచెం చేదుగా ఉన్నాయని మా ఆయన అంటే, నీళ్ల గోళీ వాసన అన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. మా అత్తమ్మకు ఒక అలవాటు ఉండేది. కొత్తనీళ్లు నింపే ముందు కుండ అడుగున మిగిలినవి పారబోస్తే ఆమె ప్రాణం ఒప్పుకోదు. ఎండాకాలం మైలు దూరం నుంచి నీళ్లు మోసిన మనిషి. కుండ వంచి, అడుగు నీళ్లు చెంబులో పట్టుకుని తనే తాగేది. నేను నలిపి వేసిన పొడి పూర్తిగా కరగదని, అడుక్కి దిగుతుందని నాకు తెలియదు.

నాలుగో రోజు ఆమెకు జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి. అయిదో రోజు పెదవులు పగిలి నెత్తురు. ఆ పొద్దున వీపు మీద బొబ్బలు చూసి మా ఆయన నర్సమ్మ కోసం పరుగెత్తాడు.

ఆమె వచ్చి, ఒక్కసారి చూసి, “ఏం మందు మింగావు పెద్దమ్మా?” అంది. అత్తమ్మ మాట్లాడలేక, వక్కల సంచిలోని అట్టముక్క తీసి ఊపింది. మింగలేదని దాని అర్థం. నర్సమ్మ ఇల్లంతా కలియజూసింది. చూరు చూసింది, మంచం కింద చూసింది. ఆఖరికి కుండ దగ్గర కూర్చుని, చెయ్యి అడుగు దాకా పెట్టి తీసింది. వేళ్లకు సున్నంలా తెల్లటి మడ్డి అంటుకుంది. దాన్ని నాలుక చివరికి తగిలించుకుని నా వైపు తిరిగింది. నేను గూట్లోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను.

అప్పటికే ఇంటి ముందు జనం చేరారు. మా బావ, అంటే మా ఆయన అన్న, వాకిట్లో నిలబడి ఉన్నాడు. “కోడలు నీళ్లల్ల ఏందో కలిపిందంట” అన్న మాట లోపలి నుంచి బయటికి పోయి, తిరిగి లోపలికి వచ్చేసరికి “అత్తను సంపనీకి కలిపింది” అయింది. బావ వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు.

“నిజం సెప్పు. ఎవరు ఏయుమన్నరు?”

“నర్సమ్మనే” అన్నాను. “కుండల గోళీలు ఏయుమని నర్సమ్మనే చెప్పింది. ఏ గోళీలో చెప్పలే.”

నా గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది. అబద్ధం అంత నిబ్బరంగా ఎట్లా వచ్చిందో తెలియదు. నర్సమ్మ కుండ దగ్గరి నుంచి లేచింది. నా మొహం చూసింది, నా జబ్బ మీది చెయ్యి చూసింది, నా కడుపు చూసింది.

“అవును. నేనే వేయమన్నాను” అంది. “ఏ గోళీయో విడమర్చి చెప్పలేదు. తప్పు నాది. ముందు ఆమెను సూర్యాపేట తీసుకెళ్దాం, తర్వాత నన్ను ఏమన్నా అనండి.”

జబ్బ మీది చెయ్యి వదిలింది. జనం ఆమె మీదికి తిరిగారు. ఎవరో ఆమె సంచి లాగి బురదలో పడేశారు. ఆమె దాన్ని తీసుకోకుండానే అత్తమ్మను ట్రాక్టరు ఎక్కించి, తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూర్యాపేట దవాఖానలో డాక్టరుకు అది సల్ఫా మందని, ఎన్ని రోజులు తాగిందో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అది తెలియబట్టే మనిషి దక్కిందని, పట్నం పంపిస్తూ ఆ డాక్టరు మా ఆయనతో అన్నాడట.

అత్తమ్మ నెలన్నరకు తిరిగి వచ్చింది. ఒళ్లు మానింది గానీ కళ్ల మీద పొర మిగిలిపోయింది. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. పొద్దున లేచి మొహం కడుక్కునేటప్పుడు కళ్లు మండేవి. ఆ మంటకు రోజూ నర్సమ్మను తిట్టేది. “నా కండ్లు తీసిన ముండ, నీ సేతులు ఇరగ” అని మొదలుపెట్టేది. నేను పక్కనే నిలబడి చెంబుతో నీళ్లు పోసేదాన్ని. ఇంటివాళ్లు నన్ను ఏమీ అనలేదు. చదువుకున్న పిల్ల, నర్సు చెప్పినట్టు చేసింది, పాపం ఆమెదేముంది అన్నారు.

పై ఆఫీసు వాళ్లు విచారణకు వస్తే నర్సమ్మ అదే మాట తన చేత్తో రాసి ఇచ్చింది. రావలసిన సూపర్వైజరు ప్రమోషను ఆగిపోయింది. ఆమెను మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దిక్కు పల్లెకు బదిలీ చేశారు. పోయేముందు మా వీధికి రాలేదు.

ఆ తర్వాత నేను అంగన్‌వాడీ టీచరునయ్యాను. తొంభైల్లో మిర్యాలగూడలో మా అందరికీ, నర్సులకూ కలిపి శిక్షణ పెట్టేవాళ్లు. మొదటిసారి అక్కడికి పోయినప్పుడు ముందు వరసలో కొప్పులో పెన్నుతో ఆమె కనిపించింది. నేను ఆఖరి బెంచీలో, ఒక లావుపాటి టీచరు వెనక కూర్చున్నాను.

తాగునీళ్ల గురించి పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరుగారు కుర్రవాడు. పురుగులు, తెల్లపొడి, మరగబెట్టడం అన్నీ చెప్పి ఏమైనా అడుగుతారా అన్నాడు. ఆమె లేచింది.

“సార్, నీళ్లలో పురుగు ఉంటే మందు వేస్తాం. నీళ్లలో మందే ఉంటే ఏం వేస్తాం?”

హాలు నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. అర్థం కాలేదన్నాడు.

“మా వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. పట్నంలో అన్ని లక్షల మంది మింగిన మందు ఒంటికి పట్టింది పోగా మిగిలింది మూత్రంలోనే పోతుంది కదా. దవాఖానలు కడిగిన నీళ్లు, మందులు తయారుచేసే చోట వదిలిన నీళ్లు, డేటు అయిపోయాయని పారబోసినవి. ఏటి ఒడ్డున చెలమలు తీసుకుని తాగేవాళ్లున్నారు. వాళ్లకు ఏమవుతుంది?”

“అంత నీళ్లల్ల చిటికెడు మందు ఏం జేస్తదమ్మా?”

“ఒక్క కుండలో రోజుకు రెండు గోళీలు వేస్తే ఒకామె కళ్లు పోయాయి సార్. పడని మనిషికి కొంచెమైనా చాలు.”

“అది కుండ. ఇది నది. పోలిక లేదు.”

“కుండలో నీళ్లు నాలుగు రోజులు తాగింది సార్. నది నీళ్లు బతుకంతా తాగుతారు. కడుపుతో ఉన్నవాళ్లు తాగుతారు, పాలు తాగే పిల్లలు తాగుతారు. కొంచెం కొంచెం మందు తాగితే ఒంట్లో పురుగు చావదు, ముదురుతుంది. రేపు నిజంగా జబ్బు చేసి గోళీ వేస్తే అది పనిచేస్తుందా?”

ఆ డాక్టరు మంచివాడు. “నాకు తెల్వదమ్మా. అంత తక్కువ మందును కొలిచే మిషను మన దగ్గర లేదు. హాని అయితదని గట్టిగా చెప్పలేను, కాదని కూడా చెప్పలేను” అన్నాడు. ఆమె తల ఊపింది. ఇన్నేళ్లలో తెలియదని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే కావచ్చు.

అప్పుడు ఎవరో ఆ కళ్లు పోయిన సంగతేమిటని అడిగారు. ఆమె చెప్పింది. ఊరి పేరు చెప్పలేదు. ముసురు, బేదులు, నీళ్ల గోళీలు, గూట్లో మిగిలిన గోళీలు, అడుగు నీళ్లు, అన్నీ చెప్పి, “నేను ఆ అమ్మాయికి సరిగ్గా చెప్పలేదు. అందుకని మీరు ఒకటికి రెండుసార్లు చెప్పండి, తిరిగి చెప్పించుకోండి” అంది. నేను లావుపాటి టీచరు వెనక తల వంచుకుని నోటుబుక్కులో “తిరిగి చెప్పించుకోవాలి” అని రాసుకున్నాను. ఏటా శిక్షణలో ఆ కథ చెప్పేదట. నేను మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ లేచి నిలబడలేదు. పిరికితనానికి అంతకంటే వేరే పేరు లేదు.

ఆ రోజుల్లో ఆమె ఇంటింటా మిగిలిన మందులు అడిగి తెచ్చుకునేదని తోటి నర్సులు చెప్పి నవ్వేవాళ్లు. బావిలో వేయనివ్వదు, ఏట్లో వేయనివ్వదు, పాతిపెడదామంటే నేల నీళ్లలోకే దిగుతుందంటుంది. ఎక్కడ వేయాలో రాసి పంపమని ఆఫీసుకు ఉత్తరాలు పెట్టింది. జవాబు రాలేదు. దాంతో అవన్నీ రేకు పెట్టెలో పోసి తాళం వేసి తన మంచం కిందే పెట్టుకుంది. “మనిషికైతే ఇది పడదని చీటీ రాసిస్తాం. నీళ్లకు ఏం రాసివ్వను?” అనేదట.

ఆమె రిటైరై కోదాడ వెళ్లిపోయాక, తొంభైల చివర్లో, పెళ్లికని కోదాడ పోయి, పెళ్లి భోజనం మధ్యలో లేచి ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. చెల్లెలి దగ్గర ఉంటోంది. గుండె జబ్బు, మంచం మీదే ఉంది. నన్ను గుర్తుపట్టి, చెల్లెల్ని టీ పెట్టమని లోపలికి పంపింది.

నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. క్షమించమన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేస్తుందనుకున్నాను. వేయలేదు.

“మీ అత్తమ్మ ఉందా?” అంది.

“ఉంది.”

“ఇప్పటికీ నన్ను తిడుతుందా?”

తిడుతుందన్నట్టు తల ఊపాను.

“ఆ రోజు నీకు అయిదో నెల. నిజం చెప్తే నిన్ను ఏం చేసేవాళ్లో నాకు తెలుసు. అందుకే ఒప్పుకున్నాను. దానికి బాధ లేదు. కానీ బిడ్డ పుట్టాకైనా చెప్తావనుకున్నాను. ఆ పిల్లవాడు నడిచాకైనా చెప్తావనుకున్నాను.” కాసేపు ఊపిరి తీసుకుంది. “నేనేం దేవతను కాదమ్మాయ్. శిక్షణలో నువ్వు వెనక బెంచీలో కూర్చున్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఆమె నన్ను తిట్టుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. నాతో కాదు, ఆమెతో చెప్పు. నేను ఉండగా చెప్పు.”

చెప్తానని చేతిలో చెయ్యి వేశాను.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున చెంబు పట్టుకుని ఈరోజు చెప్పాలి అనుకునేదాన్ని. వరి నాటు రోజులన్నాను, పిల్లవాడి పరీక్షలన్నాను, మా బావ ఊళ్లో ఉన్నాడన్నాను. నెల దాటింది. ఒకరోజు మా సూపర్వైజరు వచ్చి, కోదాడలో నర్సమ్మ పొద్దున పోయిందని చెప్పింది.

అత్తమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను పోయి ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పిందని, నేను తిరిగి అప్పజెప్పానని, కట్టెలు తడిసినయని వేరే గోళీలు వేశానని, జబ్బ పట్టుకోగానే ఆమె మీదికి నెట్టానని. ఆమె పోయిందని ఆఖర్న చెప్పాను. అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“కోదాడకు బస్సెప్పుడున్నది?” అంది.

నన్ను తిట్టలేదు. మేము పోయేసరికి వాకిట్లో షామియానా కింద పెట్టెలో ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. అత్తమ్మ నా చెయ్యి వదిలి, తడుముకుంటూ పోయి, పెట్టె అంచు పట్టుకుని, ఆమె నుదురూ కళ్లూ చెంపలూ వేళ్లతో తడిమింది.

“పన్నెండేండ్లు తిట్టిన బిడ్డా నిన్ను. మొఖం కడిగినప్పుడల్లా తిట్టిన. నాకెవరు చెప్పిన్రు?” అంది.

పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఆమె గురించి సాక్ష్యం చెప్పేవాళ్లుంటే రెండు మాటలు చెప్పమన్నారు. వాళ్లలో అది ఆనవాయితీ. పురుళ్లు పోయించుకున్నవాళ్లు ఇద్దరు చెప్పి ఏడ్చారు. తోటి నర్సు ఒకామె చెప్పింది. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

“లే. నాకు సెప్తే సాలదు. గీళ్లందరికీ సెప్పు.”

లేచాను. గొంతు వణికింది. నిజం చెప్పడానికి వణికింది.

“ఆమె నాకు చెప్పింది” అన్నాను. “ఈ గోళీ తప్ప ఇంకోటి కుండల వెయ్యొద్దని రెండుసార్లు చెప్పింది. నేను విన్న. విని కూడా నేనే ఏసిన. ఆమె చెప్పలేదని అబద్ధమాడిన. ఆమె తప్పు ఏం లేదు.”

పెట్టె తల దగ్గర కూర్చున్న ఆమె చెల్లెలు నా వైపు తిరిగింది.

“మాకు కూడా తన తప్పనే చెప్పిందండీ అక్క” అంది. “ఇన్నేళ్లూ మేమూ అదే నమ్మాం.”